ముందు ఎవరి యొద్దకు?

ధ్యాన భాగము: మార్కు 5:21–43



గడచిన వానకాలమందు మన చుట్టుపట్ల సంఘములలో ఒక చోట జరిగిన సంగతి మా చెవిని పడినది. పేర్లు చెప్పము. ఒక రాత్రి చిన్న పట్టణపు ఆసుపత్రికి, ఆయాసముతో ఊపిరి అందని ఒక పెద్దాయనను కుమారులు ఆటోలో తెచ్చిరి. ఆ రాత్రి అక్కడ ఉన్నది ఒక్క డాక్టరమ్మగారు, ఇద్దరు నర్సులు. పెద్దాయనకు ఆక్సిజను పెట్టి, సూదిమందు ఇచ్చి చూచుచుండగానే, ఇంటివద్ద కాన్పయి రక్తము ఆగని ఒక బాలింతను 108 బండిలో తెచ్చిరి. డాక్టరమ్మగారు నర్సుకు చెప్పవలసినది చెప్పి బాలింత యొద్దకు పరుగెత్తిరి. బాలింత బ్రదికెను. తెల్లవారక మునుపే పెద్దాయన ప్రభువునందు నిద్రించెను.

పెద్దాయన ప్రక్కన నిలిచిన ఆ నర్సు అదే సంఘపు బిడ్డ. అప్పటినుండి ఆ కుటుంబమువారు ఆమెకు వందనము చెప్పుట మానిరి. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున ఆమె బల్ల యొద్దకు రాగానే పెద్దకుమారుడు లేచి బయటికి వెళ్లెను. “మా నాయన ముసలివాడని వదలివేసిరి” అని అతని మాట. “అయ్యగారూ, నాకున్నవి రెండు చేతులే గదా” అని ఆమె మాట. ఇద్దరి కన్నీళ్లును నిజమైనవే. మనమేమని చెప్పవలెను?

యాయీరు వృత్తాంతము చదువుడి. పండ్రెండేండ్ల కుమార్తె చావ సిద్ధముగా నున్నదని ఆ తండ్రి ప్రభువు పాదములపై పడెను. ప్రభువు బయలుదేరెను. త్రోవలో పండ్రెండేండ్లనుండి రక్తస్రావముతో బాధపడుచున్న ఒక స్త్రీ వెనుకగా వచ్చి వస్త్రము ముట్టెను. ప్రభువు నిలిచిపోయెను. ఆమెను వెదకెను, ఆమె సంగతియంతయు వినెను. ఇంతలో చిన్నది చనిపోయినదని కబురు వచ్చెను. ఆ నిమిషమున యాయీరు గుండె ఎట్లుండెనో, ఆసుపత్రి వరండాలో రాత్రియంతయు కూర్చున్నవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న కలదు. పండ్రెండేండ్ల జబ్బు ఇంకొక గంట ఆగగలదు. చావబోవు బిడ్డ ఆగలేదు. ఏ వైద్యుడైనను ముందు బిడ్డ యొద్దకే పోవును గదా! ప్రభువు ఆలస్యము చేయుట తగునా? తగును, ఏలయనగా మరణము ఆయన చేతిలో కడపటి మాట కాదు. మన డాక్టరుకు ఆ అధికారము లేదు. పోయిన ప్రాణమును ఆమె తేలేదు గనుక, పోవుచున్న ప్రాణము వెంట పరుగెత్తుటయే ఆమెకు అప్పగింపబడిన పని. కాన్పు తరువాత రక్తము ఆగనియెడల ఆరోగ్యవంతురాలైన తల్లి సహితము రెండు గంటలలోపల చనిపోవచ్చును. అందుచేతనే డాక్టరమ్మగారు పరుగెత్తిరి గాని, ముసలి ప్రాణము చౌక అని కాదు.

అయితే ప్రభువు నిలిచిపోవుటలో మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. యాయీరు సమాజమందిరపు అధికారి. ఆ స్త్రీకి వ్రాతలో పేరైనను లేదు. పెద్దమనిషి కాచుకొనియున్నాడని ప్రభువు ఆమెను త్రోసివేయలేదు. నెపోలియను సైన్యములో వైద్యుడైన లారే అను ఫ్రెంచివాడు కూడ, హోదా చూడక, గాయము తీవ్రతను బట్టియే ముందెవరికి చికిత్స అని నిర్ణయించెను. నేటి ఆసుపత్రులు పాటింపవలసిన నియమము అదియే. ఎవరి సిఫారసు పెద్దదని కాదు, ఎవరి ప్రాణము త్వరగా జారుచున్నదని చూడవలెను. మనము పట్టణములోని నాయకునిచేత ఫోను చేయించి మనవారిని ముందు చూపించుకొనిన ప్రతిసారి, ఒక పేరులేని స్త్రీని వెనుకకు నెట్టుచున్నాము.

అట్లని ఆసుపత్రిలో తప్పులే జరుగవని మేము చెప్పుటలేదు. చాలకపోవుట ఒకటి, పొరబడుట ఒకటి, నిర్లక్ష్యము ఒకటి. రోగి మూల్గుచుండగా పిలిచినను రాకపోవుట, డబ్బు కొరకు చికిత్స ఆపుట నిర్లక్ష్యము. దానిని పైవారికి తెలియజేయుట పగ కాదు. రేపు రాబోవు రోగియెడల ప్రేమ. కాని మంచి మనస్సుతో చేసిన నిర్ణయము తప్పినంత మాత్రమున అది నిర్లక్ష్యము కాదని 2005లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. విచారింపకయే ఒకరిని ప్రాణము తీసినవారని అనుట నిర్గమకాండము 20:16లోని ఆజ్ఞను మీరుటయే.

మరి ఆ కుమారుని దుఃఖము ఊరకయేనా? కాదు. మేము విచారింపగా తెలిసినది ఇది: ఆ రాత్రి డాక్టరమ్మగారు ఎందుకు లేచి వెళ్లిరో ఆ కుమారులకు ఎవరును చెప్పలేదు. తలుపు మూసిరి, వారు బయట నిలిచిరి. 36వ వచనము చూడుడి. ఆలస్యమైనందుకు కుమిలిపోవుచున్న యాయీరు తట్టు తిరిగి ప్రభువు వెంటనే ధైర్యపు మాట చెప్పెను. 40వ వచనములో గోల చేయువారిని బయటికి పంపెను గాని, తల్లిదండ్రులను లోపలికి తీసికొనిపోయెను. కాచుకొనువానికి ఒక మాట బాకీయున్నది. “అన్నా, అక్కడ ఒక తల్లి ప్రాణము పోవుచున్నది, డాక్టరమ్మగారు మరల వచ్చును, నేను నాయన యొద్దనే ఉందును” అను మాటకు అర నిమిషము చాలును. చేతులు రెండే యున్నను నోరు ఒకటి యున్నది గదా. ఆసుపత్రులలో పనిచేయు మన బిడ్డలు దీనిని మనస్సున ఉంచుకొందురు గాక.

1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరమ్మగారి కాలమునుండి మన సంఘములకు ఆసుపత్రితో బంధుత్వమున్నది. ఎందరో మన ఆడబిడ్డలు నర్సులైరి. వారికొరకు ప్రార్థించుటతో మన పని తీరదు. రక్తము అంగడి సరుకు కాదు. 1998 జనవరి 1 నుండి మన దేశమందు రక్తమును అమ్ముకొనుట నిషిద్ధము. ఆ బాలింతకు ఎక్కించిన రక్తము ఎవరో ఊరక ఇచ్చినదే. 18 ఏండ్లు నిండి, 45 కిలోలకు తక్కువకాక, ఆరోగ్యముగా నున్న పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి ఇయ్యవచ్చును. మన యౌవనస్థులలో ఎందరు ఇచ్చిరి?

ఇక ఆ ఇద్దరి సంగతి. మత్తయి 5:23, 24 వచనముల ప్రకారము, రాబోవు బల్లకు మునుపే సంఘపెద్దలు వారిని ఒక ఇంట కూర్చుండబెట్టవలెనని మా మనవి. ఆమె ఆ రాత్రి జరిగినదంతయు గంట గంటకు చెప్పవలెను. అతడు అడుగవలసినదంతయు అడుగవలెను. తండ్రి కడపటి గడియలలో చేయి పట్టుకొనియున్నది ఎవరో అతనికి ఇంతవరకు తెలియదు. ఆమెయే పట్టుకొనియుండెనని ఆమె నోటనే అతడు వినవలసియున్నది.