ఊపిరి ఋణము

పల్నాటి సీమలో మిరప, ప్రత్తి చేలకు మందు కొట్టు దినములలో గాలియే ఘాటెక్కియుండును. వీపున మందు పంపు, ముక్కునకు తుండుగుడ్డ: కూలివానికి తరచు ఇంతియే రక్షణ. ఆ తుంపర మనుష్యునకెంత హాని చేయునో తెలిసికొనుటకై, అతనికంటె ముందు వేరొక ప్రాణి దానిని పీల్చినదని మనలో ఎందరెరుగుదురు?

పురుగుమందులకైనను, లేత్ యంత్రములలో వాడు కూలెంటు ద్రవములకైనను ఈ పరీక్షాపద్ధతి యొక్కటే. ఎలుకను ఇరుకైన గొట్టములో నుంచి, ముక్కునకు మాత్రము తుంపర తగులునట్లు నాలుగు గంటలు పీల్పింతురు. పిమ్మట 14 దినములు గమనింతురు. ఎంత గాఢతకు సగము ఎలుకలు చచ్చునో ఆ అంకెయే ఫలితము. 1981లో ఓ.ఇ.సి.డి. సంస్థ దీనికై 403వ మార్గదర్శకమును వెలువరించినది.

ఇది హింస కాదా యని కొందరు; మనుష్యరక్షణకే గదా యని మరికొందరు. రెండింటను సత్యము కలదు. 1984 డిసెంబరులో భోపాలున మిథైల్ ఐసోసైనేటు పీల్చి వేలమంది మరణించిరి. చికిత్స చేయు వైద్యులకు ఆ విషస్వభావము చాలినంత తెలియదు. తెలియకపోవుటయు ప్రాణములు తీయునని అంగీకరింపవలెను.

అయితే ప్రశ్న అంతటితో ముగియదు. ప్రాణము తీసి సంపాదించిన జ్ఞానమును మనమేమి చేయుచున్నాము? 1971 నాటి కీటకనాశినుల నియమములు మందు డబ్బాలపై ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులను విధించినవి. ఆ రంగులకు ఆధారము నోటిద్వారా, చర్మముద్వారా కలుగు విషప్రభావమే. శ్వాసపరీక్షలో తేలిన అంకెకు ఆ వర్గీకరణలో స్థానము లేదు. కరపత్రమున జాగ్రత్తలు వ్రాసియున్నను, అక్షరము రాని కూలివానికి రంగు ఒక్కటే భాష. ఎలుక చచ్చి చెప్పిన మాట అతనికి చేరనే లేదు. అప్పుడు ఆ చావు దేనికి?

జంతుపరీక్షలను మానుట, తగ్గించుట, బాధ తక్కువగునట్లు మార్చుట యను మూడు సూత్రములను 1959లోనే రసెల్, బర్చ్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. 2017లో వచ్చిన 433వ మార్గదర్శకము చావును గాక స్పష్టమైన విషలక్షణములను లెక్కకు తీసికొనును. మానవకణములతో పరీక్షించు మార్గములను హైదరాబాదులోని సి.సి.యం.బి. ఇంక్యుబేషన్ కేంద్రమునను అన్వేషించుచున్నారు.

వేరు మార్గమున్నచోట జంతువును చంపుట క్రూరత్వము. లేనిచోట చంపిన, అది ఋణము. కాయకము చేయువాని ఊపిరి కాపాడిననే ఆ ఋణము కొంతయైన తీరును. చేను గలవారలారా, కూలివాని చేతికి పంపు నిచ్చుటకు ముందు తగిన ముసుగు నిచ్చితిమా?