నయమాను అడిగిన సెలవు

పుష్యమాసంలో మాకు పని ఉండదు. ముహూర్తాలు లేవు కనుక బ్యాండు మేళానికి పిలుపు రాదు. క్లారినెట్‌ని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేస్తాను. ఆదివారాలు మాత్రం మామిడికుదురులో మా చర్చిలో హార్మోనియం ముందు కూర్చుంటాను. అందుకే కనుమ నాడు మేం ముగ్గురం ఖాళీ. నేను, సైడు డ్రమ్ము కొట్టే నగరం భాయి, సన్నాయి వాయించే పాశర్లపూడి తమ్ముడు. మిగతా నెలల్లో ఎవరి పండగకో వాయించేవాళ్లం, ఆ ఒక్కరోజు మాత్రం వినడానికి బయల్దేరతాం.

పాశర్లపూడి దగ్గర వైనతేయ వంతెన దాటి, బోడసకుర్రు, అమలాపురం మీదుగా అంబాజీపేట వైపు వెళ్తే మొసలపల్లి. అక్కడే జగ్గన్నతోట. పేరుకి తీర్థమే గానీ అక్కడ గుడి లేదు, కొబ్బరితోట ఉంది అంతే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద ఆ తోటలోకి వస్తారు. వెదురుతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, కొబ్బరిచెట్లతో పోటీ పడేలా నిలబెట్టిన ప్రభలని జనం భుజాల మీద మోసుకొస్తారు. దారిలో వరిచేను ఉంటే చేలోంచే నడుస్తారు, తొక్కారని రైతు బాధపడడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటేటప్పుడు గట్టు మీద నిలబడి చూడాలి. పీకలోతు నీళ్లలో మనుషులు కనపడరు, ప్రభ ఒక్కటే తేలుతూ వస్తున్నట్టుంటుంది. 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంగా ఈ తీర్థాన్నే చూపించారు. అందులో లేనిది ఆ చప్పుడు.

ఆ చప్పుడు గురించి వాయిద్యగాడిగా ఒక మాట చెప్పాలి. ప్రతి ప్రభ ముందూ దాని మేళం దానికుంటుంది. ఒక పక్క రెండు శ్రుతిలో సన్నాయి, ఇంకోపక్క మాలాంటి బ్యాండు ఆరున్నర శ్రుతిలో, మధ్యలో తాషాలు, డప్పులు, గరగలు ఆడేవాళ్ల గజ్జెలు. ఏదీ దేనితోనూ కలవదు. కలపాలని ఎవరూ చూడరు కూడా. తోటలో నాలుగడుగులు వేస్తే ఒక మేళం చెవిలోంచి జారిపోయి ఇంకోటి దూరుతుంది.

ఈ ఏడు ఒక ప్రభ ముందు ముసలాయన ఒకరు సన్నాయి మీద కల్యాణి ఎత్తుకున్నారు. అంత రొదలో ఆయన తొందరపడలేదు. నిషాదం మీద ఎంతసేపు నిలబడ్డారంటే, పైషడ్జం చేరేసరికి నా కళ్లు తడిశాయి. తమ్ముడు చూశాడు. "అన్నయ్యా, మా సామికి నువ్వు ఏడ్చావు," అన్నాడు. అభిమానంతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. నేను ఎవరికి ఏడ్చాను?

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట మా సంఘంలో ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, రథోత్సవాల్లో వాయించే నోటితో ఆదివారం స్తుతి ఎలా పాడతావని అడిగారు. ఆయన కోపంతో అడగలేదు. విగ్రహాలకి పెట్టిన ఆహారం గురించి పౌలు కొరింథీయులకి రాసింది విప్పి చూపించారు. విగ్రహంలో ఏమీ లేదని నీకు తెలిసినా, నిన్ను చూసి బలహీనుడైన తమ్ముడు తొట్రుపడితే ఆ తప్పు నీదేనన్నది పౌలు వాదన. అది బలమైన మాట, నేను తోసిపుచ్చలేకపోయాను. రెండేళ్లు గుడి ఉత్సవాలకి వెళ్లలేదు. పెళ్లిళ్లకే వెళ్లాను. ఇంట్లో డబ్బు తగ్గింది గానీ అంతకన్నా ఎక్కువగా కుదిపింది ఇంకొకటి. చర్చిలో వాయిస్తుంటే నా వేళ్లకి ఆనందభైరవి కూడా అనుమానంగా తోచేది.

ఎందుకంటే ఆ రాగాలు మాకెక్కడివి? మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు క్రీస్తు మీద కీర్తనలు కట్టినప్పుడు కొత్త స్వరాలు సృష్టించలేదు, చిన్నప్పటి నుంచి తన చెవిలో ఉన్నవాటినే తెచ్చుకున్నారు. అదే బాటలో నేను హార్మోనియం నేర్చుకున్నాను. ఇంక గుడి రాగం ఎక్కడ ఆగి, చర్చి రాగం ఎక్కడ మొదలవుతుంది?

దైవభక్తుల్లో చాలామంది సంగీతాన్ని చూసి కొంచెం భయపడ్డవాళ్లే. అగస్టీను భక్తుడు తన ఒప్పుకోళ్లలో, పాట అర్థం కన్నా పాడిన గొంతు తనని ఎక్కువ కదిలించినప్పుడు అది పాపమేనని రాసుకున్నాడు. త్యాగరాజస్వామి ధన్యాసిలో, భక్తి లేని పాండిత్యం మంచిదారి చూపదన్నారు. మా మండలంలోనే ఆదుర్రులో వైనతేయ ఒడ్డున బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. బౌద్ధ భిక్షువుల నియమాల్లో ఆటపాటలకి, వాయిద్యాలకి దూరంగా ఉండటం ఒకటి. అటుగా సైకిల్ మీద పోయినప్పుడల్లా, ఏటి మీద పడవవాళ్ల పాట వినబడినప్పుడు ఆ భిక్షువులు ఏం చేసేవారో అనుకుంటాను.

నన్ను మళ్లీ ఉత్సవాల మేళంలోకి తెచ్చింది నయమాను. రాజులు రెండవ గ్రంథం అయిదో అధ్యాయం. సిరియా సైన్యాధిపతి, యొర్దానులో ఏడు మార్లు మునిగి కుష్ఠు పోగొట్టుకున్నవాడు. ఇకమీదట యెహోవాకే మొక్కుతానని ఎలీషాకి మాటిచ్చి, ఒక్క సెలవు అడుగుతాడు: నా రాజు రిమ్మోను గుడికి వెళ్లి నా చేతి మీద ఆనుకుని వంగితే, నేనూ వంగాల్సి వస్తుంది, దానికి నన్ను క్షమించమంటాడు. ఎలీషా అవునూ అనడు, కాదూ అనడు. సమాధానంతో వెళ్లమంటాడు, అంతే. ఎన్నిసార్లు చదివానో. ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి ఈ అధ్యాయం చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నీ దగ్గర నేర్చుకునే కుర్రాళ్లకి మాత్రం నువ్వే చెప్పు, నీ నమ్మకం ఏమిటో దాచకు, అన్నారు. ఆ మాట ఇప్పటికీ పాటిస్తున్నాను.

కల్యాణి అయ్యాక కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుని ఇదంతా వాళ్లిద్దరికీ చెప్పాను. తమ్ముడు, "అన్నీ ఒకటే కదా అన్నయ్యా," అన్నాడు. భాయి తల అడ్డంగా ఊపాడు. నేనూ ఒప్పుకోలేదు. అన్నీ ఒకటే అంటే వినాల్సిన అవసరం తీరిపోతుంది. కల్యాణి, యమునాకల్యాణి ఒకటే అన్నవాడికి రెండూ వినపడనట్టే. శివుడికి కట్టిన ప్రభని నా ప్రభువుదని నేననుకుంటే, మోసుకొచ్చిన వాళ్ల భుజాల పుండ్లకి నేను మర్యాద ఇవ్వనట్టు.

భాయి నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి మాట ఎత్తాడు. ఆయన ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. తంజావూరు బాణీ నేర్చుకోవడానికి నాచ్చియార్‌కోయిల్ వెళ్లారు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ. ఆయన ముస్లింగానే బతికారు, ముస్లింగానే 1999లో పోయారు. ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కలీషాబీ దంపతులు కూడా అదే నాదస్వరంతో అవే గుళ్ల ముందు నిలబడ్డారు. "ఆయన్నెవరూ మతం మార్చుకోమనలేదు, మానమనీ అనలేదు. ఆయన వాయించాడు, వాళ్లు విన్నారు," అన్నాడు భాయి.

అప్పుడు తమ్ముడు ఒక సంగతి గుర్తుచేశాడు. ఈ తోటలో రుద్రులు కూడా చుట్టాలేనట. మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడు ఇంటి యజమాని. ముందుగా వచ్చి నిలబడి, మిగతా పదిమందికీ ఆతిథ్యమిస్తాడు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ వచ్చేసరికి అన్ని ప్రభలనీ ఒక్కసారి పైకి లేపుతారు. దేవుళ్లే ఒకరింటికి ఒకరు వచ్చే చోటికి నేనూ వచ్చాను. చుట్టపుచూపుకి వచ్చినవాడు ఆ ఇంటి దీపానికి తలవంచి నిలబడతాడు, అలాగని ఆ ఇంటి పేరు పెట్టుకోడు. నా కన్నీళ్లు ఆ గడప దగ్గరివని నాకు అప్పుడు తోచింది. మా పెద్దాయన ఉంటే దీనికీ ఒక అధ్యాయం విప్పేవారేమో.

పొద్దు వాలింది. ప్రభలు తిరుగు ముఖం పట్టాయి. భాయి కాలువలో కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, రెండు కొబ్బరిచెట్ల మధ్య తువ్వాలు పరిచాడు. మగ్రిబ్ వేళ. జనం తోసుకుంటూ పోతున్నారు. తమ్ముడూ నేనూ అతనికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి, చేతులు చాచి నిలబడ్డాం. ఒక మేళం మా ముందు నుంచే వెళ్లింది. తాషాల దెబ్బకి నా ఛాతీ అదిరింది. దాని వెనకే ఒంటి సన్నాయి ఒకటి, అలిసిపోయి, నెమ్మదిగా.

భాయి తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

"ఇందాక చివర్న వెళ్లింది ఏం రాగం?" అని అడిగాడు.