పార్కులో జీలుగు

పట్నం పార్కులో ఒక చెట్టు కింద మా హాస్టల్ పిల్లలు ఆగారు. ఎనిమిదో తరగతివాడు ఒకడు తలెత్తి ఆకు చూసి "జీలుగు!" అని అరిచాడు. సంతలో మేనమామ కనబడ్డట్టు అరిచాడు. మాతో వచ్చిన మైదానం మాస్టారు నవ్వి, "జీలుగంటే పొలంలో చల్లే పచ్చిరొట్ట కదరా. ఇది ఫిష్‌టెయిల్ పామ్, బోర్డు చూడు" అన్నారు. వాడు బోర్డు చూశాడు. ఆ రోజంతా మళ్లీ ఏ చెట్టు పేరూ చెప్పలేదు.

మాస్టారు అబద్ధం చెప్పలేదు. మైదానంలో జీలుగంటే వరి నాటే ముందు పెంచి పొలంలోనే కలియదున్నే మొక్క. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో జీలుగంటే కల్లిచ్చే మాను. ఒకే మాటకు రెండు మొక్కలు. తప్పు మాటలో లేదు. ఇంకో జీలుగు కూడా ఉండొచ్చని ఆయనకు తోచకపోవడంలో ఉంది. మేమూ పక్కనే ఉండి నోరు మెదపలేదు. అదీ ఒప్పుకోవాలి.

అప్పటినుంచి మమ్మల్ని ఒక ప్రశ్న వదలడం లేదు. చెట్టును గుర్తుపట్టడమంటే ఏమిటి? పేరు చెప్పగలిగితే చాలా?

తోటల్లో తాటి కుటుంబపు చెట్లను పోల్చుకోవడం తేలిక కాదు. క్యూబా వైపు నుంచి వచ్చిన రాయల్ పామ్‌ను పోకచెట్టు అనుకునేవాళ్లున్నారు. సైకస్‌ను పామ్ అని అమ్ముతారు, నిజానికి అది ఈ కుటుంబమే కాదు. జీలుగును మాత్రం ఆకే పట్టిస్తుంది. తాటాకు విసనకర్రలా విచ్చుకుంటుంది. కొబ్బరాకు, ఈతాకు ఈకలా ఒక్కసారి చీలుతాయి. జీలుగాకు చీలిన చోట మళ్లీ చీలుతుంది, ఒక్కో ముక్క చివర చేప తోకలా ఉంటుంది. ఈ కుటుంబంలో ఆకు ఇలా రెండుసార్లు చీలేది జీలుగు జాతికే. 1753లో లిన్నేయస్ దీనికి కారియోటా యూరెన్స్ అని పేరు పెట్టాడు. యూరెన్స్ అంటే మండించేది. పండు గుజ్జులో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుంటాయి, తగిలితే చెయ్యి మండుతుంది. ఆ సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. శాస్త్రం పేరు మనకు పరాయిదేమీ కాదు. అదీ ఎవరి చెయ్యో మండితే వచ్చిందే.

1781 నుంచి కొన్నేళ్లు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కంపెనీ తోట చూశాడు. తన పుస్తకాల్లో మొక్కల లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లూ రాసుకున్నాడు. ఆ పేర్లు ఆయన పుట్టించినవి కావు. ఎవరో చెట్టు ముందు నిలబడి, మా పిల్లవాడిలాగే పైకి అనబట్టే ఆయన చెవిన పడ్డాయి. ఆయన విన్నాడు, రాసుకున్నాడు. గుర్తుపట్టడంలో ఆ వినడం సగం పని అని మాకనిపిస్తుంది.

ఇక మన పెద్దలు చెట్టును చూసే తీరు వేరు. జీలుగు ఏళ్ల తరబడి ఆకులే వేస్తుంది. పెరగడం ఆగాక మొదటి గెల పైన, మొవ్వు దగ్గర వేస్తుంది. తర్వాతి గెల దాని కింద, ఆ తర్వాతిది ఇంకా కింద. అట్టడుగు గెల పండాక మాను చచ్చిపోతుంది. అందుకే గెల ఎంత కిందికి దిగిందో చూసి, చెట్టు ఇంకెన్నాళ్లుంటుందో పెద్దవాళ్లు చెప్పేస్తారు. ఏ గెలను ఎప్పుడు గీయాలో, ఏ చెట్టు ఎవరిదో, ఎవరి తాత దాన్ని కాచుకున్నాడో కూడా ఆ చూపులోనే ఉంటుంది. కొండరెడ్లు గింజలు లేని రోజుల్లో మాను లోపలి గుజ్జుతో పిండి చేసుకుని కడుపు నింపుకున్న సంగతి హైమన్‌డార్ఫ్ 1945లో వచ్చిన పుస్తకంలో రాశాడు. అలా ఆకలి తీర్చిన చెట్టును అలంకారపు చెట్టుగా చూడమంటే మనవాళ్లకు కష్టమే.

పార్కును తిట్టడం మాత్రం మా ఉద్దేశం కాదు. సీసాలా బొద్దుగా ఉండే బాటిల్ పామ్ మారిషస్ దగ్గరి రౌండ్ ఐలాండ్‌ది. మనుషులు తెచ్చి వదిలిన మేకలు, కుందేళ్లు ఆ దీవిని మేసేయడంతో సొంత చోట అది అంతరించే దశకు వచ్చింది. పరాయి దేశాల తోటల్లో మాత్రం నిక్షేపంగా ఉంది. తోట ఒక్కోసారి చెట్టును కాపాడుతుంది. కానీ దానితో బతికినవాళ్ల మాటను కాపాడే పని తోటమాలిది కాదు, మనది.

ఇంకో సంగతి దాచకూడదు. నెల తర్వాత మేము ఒంటరిగా ఆ పార్కుకు వెళ్లి చెట్టు మొదలు చూశాం. ఒక్క మాను కాదు, పిలకలు వేసి గుంపుగా లేచింది. మన కొండల జీలుగు ఒంటి మాను, పిలక వేయదు. పార్కులోది ఆగ్నేయాసియా వైపు పెరిగే దాని చుట్టం, కారియోటా మైటిస్. అంటే బోర్డూ తప్పు కాదు, పిల్లవాడూ పూర్తిగా ఒప్పు కాదు. జాతిని సరిగ్గా పట్టాడు, రకాన్ని కాదు. మొదలు చూడకుండా నవ్విన మాస్టారి కన్నా, మొదలు చూడకుండా గర్వపడిన మేము ఎందులో మెరుగు?

వాడికి చెట్టు మొదలు సంగతి చెప్పాం. చిన్నబుచ్చుకుంటాడనుకున్నాం. "పిలకలేసే జీలుగా!" అని ఎగిరి గంతేశాడు. పండక్కి ఊరెళ్లి తాతకు చెప్పాడట. తాత చాలాసేపు ఆలోచించి ఒకటే అడిగాడట: "ఒక మాను సచ్చిపోయినా పక్కది ఉంటదన్నమాట. మరి దానికి కల్లు దిగుద్దా?"

వాడు వచ్చి ఆ ప్రశ్న మమ్మల్ని అడిగాడు. మేము మాస్టారిని అడిగాం. ఈసారి ఆయన నవ్వలేదు. వచ్చే ఆదివారం తాతను కూడా పార్కుకు తీసుకురమ్మన్నారు.