దస్తర్‌ఖాన్ కొట్టేసిన చెయ్యి

పోయిన ఏడాది ఒక జిల్లా కేంద్రంలో రెండు రోజుల కవితా వర్క్‌షాప్ పెట్టారు. రాయడం, అర్థం చేసుకోవడం, వేదికెక్కి చదవడం, ఈ మూడూ పిల్లలకు నేర్పాలని. నన్ను కవితలు దిద్దేవాడిగా పిలిచారు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన జర్నలిస్టును, పైగా ముస్లింని. ఇలాంటి పిలుపుల్లో ఆ 'పైగా' ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. తెలిసే వెళ్తుంటాను.

డిగ్రీ చదివే ఒకమ్మాయి తన కవిత తెచ్చింది. రోజా విడిచే వేళ వాళ్లిల్లు. ఖజూరాలు, గుగ్గిళ్లు, అజాన్ కోసం చెవులు రిక్కించిన తమ్ముడు, ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ ఆరుగురు. నేను దస్తర్‌ఖాన్ కొట్టేసి 'విస్తరి' అని రాశాను. అందరికీ అర్థమవుతుంది కదమ్మా అన్నాను. తలూపింది. సాయంత్రం విస్తరి అనే చదివింది. చప్పట్లు బాగానే పడ్డాయి.

తర్వాత టీ దగ్గర నా పక్కకొచ్చి మెల్లగా అంది: "సార్, విస్తరంటే ఎవరిది వాళ్లకే కదా. మేం ఆరుగురం ఒక్కదాని చుట్టూ కూర్చుంటాం. గుడ్డ లేనినాడు పాత పేపరు పరుస్తాం. అయినా దాన్ని దస్తర్‌ఖానే అంటాం."

ఆ పాత పేపర్లలో నేను రాసినవీ ఉండొచ్చు. నవ్వేద్దామనుకున్నాను, నవ్వు రాలేదు.

ఒకరి మాటను ఇంకొకరు ఎంతవరకు దిద్దొచ్చు? అప్పట్నుంచీ నన్నీ ప్రశ్న వదల్లేదు.

ఉర్దూలో దీనికి పాత పద్ధతొకటి ఉంది. ఇస్లాహ్ అంటారు. శాగిర్దు గజల్ రాసి ఉస్తాద్ ముందు పెడతాడు, ఉస్తాద్ దిద్దుతాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఉస్తాద్‌గా ఉండి, 1905లో హైదరాబాద్‌లోనే కన్నుమూసిన దాగ్ దెహల్వీకి ఎక్కడెక్కడి నుంచో గజళ్లు పోస్టులో వచ్చేవి. కుర్రాడిగా ఉన్నప్పుడు ఇక్బాల్ కూడా అలాగే పంపాడు. ఇందులో ఇంకో ముఖమూ ఉంది. చివరి మొగల్ బాద్‌షా బహదూర్ షా జఫర్‌కు జౌఖ్ ఉస్తాద్. 1854లో జౌఖ్ పోయాక గాలిబ్ ఆ చోటికి వచ్చాడు. జౌఖ్ శిష్యుడు మహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో వేసిన 'ఆబె హయాత్'లో, జఫర్ పేరున ఉన్నదాంట్లో చాలా భాగం తన ఉస్తాద్‌దేనన్నట్టు రాశాడు. తర్వాతివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. రాజ్యం పోగొట్టుకున్న మనిషికి కవిత్వం కూడా తనది కాదనే మాట మిగిలింది.

అయినా ఇస్లాహ్‌లో ఒక న్యాయం ఉంది. బహర్ ఉస్తాద్‌కూ శాగిర్దుకూ ఇద్దరికీ పైన ఉంటుంది. మిస్రా తూకం తప్పితే ఉస్తాద్ లెక్కగట్టి చూపిస్తాడు. కావాలంటే శాగిర్దూ లెక్కగట్టుకోవచ్చు. మన వచన కవితకు ఆ తక్కెడ లేదు. దాని చోట్లో దిద్దేవాడి రుచి వచ్చి కూర్చుంటుంది. ఆ రుచి ఏ వీధిలో పెరిగింది, ఎవరి మెప్పు కోసం పెరిగింది అని ఎవరూ అడగరు. నన్నూ ఎవరూ అడగలేదు.

నేనే చెప్పుకుంటాను. డిగ్రీ రోజుల్లో మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర గజల్ నేర్చుకోబోయాను. ముషాయిరాకు పంపేముందు ఆయన నా నోరు సరిచేసేవారు. గొంతు లోతుల్లోంచి రావాల్సిన 'కాఫ్' మన దక్కనీ నోళ్లలో 'ఖ' అయిపోతుంది. కలం కాస్తా ఖలం అవుతుంది. అమ్మీ రోజుకు వందసార్లనే 'నక్కో' నేను బయట అనడం మానేశాను. 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దీవాన్ రాసుకుంది దక్కనీలోనే. మేం వచ్చేసరికి అది ముషాయిరాల్లో ఎక్కువగా నవ్వించడానికే మిగిలింది. అక్కడ తెలుగోడిలా పలుకుతున్నావన్నారు. ఇక్కడ తురకోడిలా రాస్తున్నావన్నారు. రెండు వాకిళ్లూ ఊడ్చుకోవడం నేర్చుకున్నాను. ఊడ్వడమే భాష రావడమనుకున్నాను. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది, 'జల్‌జలా' సంకలనం 1998లో వచ్చింది. అవి చదివిన చేత్తోనే ఆ అమ్మాయి వాకిలి కూడా ఊడ్చాను.

అయితే అసలు దిద్దొద్దంటారా? అలా అనడానికీ నాకు మనసొప్పదు. ఇంకో రకం సభలు చూశాను. ముస్లిం కుర్రాడు లేచి బాబ్రీ మీద, గుజరాత్ మీద ఏది చదివినా 'అద్భుతం' అనేస్తారు. పక్కన చెరువు మీద చదివిన కుర్రాడికి అరగంట పాఠం చెబుతారు. మనవాడికి మాత్రం పాఠం లేదు, కన్నీళ్లూ చప్పట్లే. వీడు ఇంతకంటే బాగా రాయగలడని ఎవరికీ అనిపించకపోవడం గౌరవం ఎలా అవుతుంది? ముషాయిరాలో ఈ మర్యాద ఉండదు. మిస్రా నచ్చితే 'ముకర్రర్' అని మళ్లీ చదివిస్తారు, నచ్చకపోతే జనం పాన్ డబ్బా వైపు లేస్తారు. అది కూడా ఒక వర్క్‌షాపే.

ఆ పెద్దాయన గురించి ఒక మాట మర్చిపోయాను. ఉచ్చారణలో అంత కఠినంగా ఉండే మనిషి, కాగితం మీద మాత్రం తన మాట రాసేవారు కాదు. అనుమానమున్న చోట కింద ఒక గీత గీసి 'యే తుమ్నే దేఖా క్యా?' అని అడిగేవారు. చూశావా నువ్వు? చూశానంటే గీత చెరిపేసేవారు. విన్నానంటే మళ్లీ రాసుకు రమ్మనేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకోవాల్సింది అదీ. కాఫ్ మాత్రం నేర్చుకుని వచ్చాను.

ఇప్పుడు ఆ వర్క్‌షాప్ కవితలు చిన్న పుస్తకంగా వేస్తున్నారు. ప్రూఫులు నాకే పంపారు. విస్తరి కొట్టేసి దస్తర్‌ఖాన్ అని పెట్టాను. నిర్వాహకులు వెంటనే ఫోన్ చేశారు. ఉంచుదాం భాయ్, కానీ కింద అర్థం ఇవ్వాలి కదా, లేకపోతే మనవాళ్లకెలా తెలుస్తుంది అన్నారు. 'మనవాళ్లు' అనడంలో నేనున్నానో లేనో అడగలేదు. ఈసారి నా అంతట నేను ఏదీ రాయదల్చుకోలేదు. ఆ మాట కింద పెన్సిల్‌తో ఒక గీత గీసి అమ్మాయికి ఫోన్ చేశాను. క్లాసులో ఉన్నాను సార్, సాయంత్రం ఆలోచించి చెప్తానంది.