నడచిన త్రోవ, చూచిన త్రోవ

శ్రావణమాసమున ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి ఉరుకుంద నరసింహస్వామి దర్శనార్థము కాలినడకన పోయెడి భక్తులు కలరు. ఇంట కూర్చుండియే దేవుని సేవలను తెరపై చూడగల ఈ దినములలో, బురదలో నడచుట యెందులకని యువకులు ప్రశ్నించుచున్నారు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

దీనికి ఒక ఎలుక సాక్ష్యము చెప్పుచున్నది. మెదడులో హిప్పోకాంపస్ అను భాగము కలదు. ప్రాణి ఒక్కొక్క తావునకు చేరినపుడు అందలి ఒక్కొక్క కణము పలుకునని 1971లో లండనులో జాన్ ఓకీఫ్ వెల్లడించెను. అందులకు 2014లో మరి ఇరువురితో కూడి నోబెల్ బహుమానము పొందెను. పిమ్మట శాస్త్రజ్ఞులు ఎలుక చుట్టును తెరలు నిలిపి, వర్చువల్ రియాలిటీ అనెడి కల్పితజగత్తును చూపిరి. ఎలుక దేహమునకు పట్టీ, పాదముల క్రింద బంతి. అది పరుగెత్తిన బంతి దొర్లును, దృశ్యము కదలును. ఎలుక మాత్రము ఉన్నచోటనే యుండును.

లాస్ ఏంజిలెస్‌లో మయాంక్ మెహతా బృందము ఇట్లు పరీక్షించి, 2013, 2014 సంవత్సరములలో ఫలితములను ప్రకటించినది. నిజమైన నేలపై పలికిన కణములలో సగమునకు మించినవి అచట మౌనము వహించినవి. విశాలమైన కల్పితస్థలమున తిరుగునపుడు, మిగిలినవియు తావును గుర్తించుట చాలవరకు మానినవి. కన్నులకు దృశ్యము కలదు, కాళ్లకు పరుగు కలదు. లేనివి నేల వాసన, దారిలోని స్పర్శ, దేహము నిజముగా ముందునకు సాగుచున్నదను ఎఱుక.

అట్లని తెరపై దర్శనము మిథ్య యనరాదు. స్వప్నపదార్థములను సైతము జీవుని కర్మానుగుణముగా ఈశ్వరుడు సృజించునవే యని భగవద్రామానుజులు శ్రీభాష్యమున నిరూపించిరి. ఆ కణములు చాలవరకు గుర్తింపనిది తావును. అంతర్యామికి తావుతో పనిలేదు. కాళ్లుడిగిన వృద్ధురాలు తెరపై స్వామిని చూచి కన్నీరు విడిచినచో, అది పరిపూర్ణమైన సేవయే.

కాని ఒక మాట. హిప్పోకాంపస్ స్థలజ్ఞానమునకే గాక స్మృతికిని ఆధారము. ఆమె తెరను చూచినపుడు, ఏనాడో నడచిన నల్లరేగడి త్రోవ, తడిసిన మట్టి వాసన, తోడివారి గోవిందనామము ఆమెలో మేల్కొనును. ఎన్నడును నడువని బాలునికి ఏది మేల్కొనవలెను? కావున కాళ్లున్నవారు నడువవలెను; పిల్లల చేయి పట్టుకొని నడిపింపవలెను. నేటి నడకయే రేపటి ధ్యానమునకు పెట్టుబడి.

ఈ సంగతి మనకు తెలియుటకు నోరులేని ప్రాణి తన తలలో సన్నని తీగలను మోసినది. త్రోవలో ఎదురగు ప్రతి జీవియందును దయ చూపుటయే ఆ ఋణము తీర్చుకొను మార్గము.