లింగమునకు పీఠమైన దేహము



ప్రతిదినము ఉదయమున స్నానము చేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును ఎడమ అరచేతిలో నుంచుకొని పూజించుట మనకు నిత్యవిధి. దేవాలయములోని మూర్తికి రాతిపీఠ ముండును. మన లింగమునకు పీఠమేది? మన అరచేయియే. ఆ చేయి నాగలి పట్టి కాయలు కాచినదైనను, ముదిమిచే వణకుచున్నదైనను, నల్లనిదైనను, తెల్లనిదైనను లింగము దానిని కాదనదు. నిత్యము లింగమును దర్శించు మన కన్నులు, దానిని మోయుచున్న ఆ చేతిని ఎన్నడైనను గౌరవముతో చూచినవా?

ఊరక అడుగుట లేదు. లింగపూజ తప్పని ఇండ్లలోనే దేహనింద వినబడుచున్నది. "ఈ నలుపు పిల్ల నెవరు చేసికొందురు?" అని కూతురు వినుచుండగనే పెద్దలు మాటలాడుదురు. కాలు వంకరయైన బాలుని ఆ వంకర పేరుతోనే పిలుతురు. నెలసరి వచ్చిన ఆడపిల్లను మూల కూర్చుండబెట్టి, లింగమును తాకవద్దందురు. పన్నెండు పదమూడేండ్ల ప్రాయమున ఆ బిడ్డ నేర్చుకొను పాఠమేమి? తన దేహము తనకే సిగ్గనియు, దేవునికి సైతము అసహ్యమనియు కదా! ఈ పాఠమును శరణులు చెప్పలేదు. మనమే చెప్పుచున్నాము.

12వ శతాబ్దమున బసవేశ్వరులు దేహమునే దేవాలయముగా దర్శించిరి. కులభేదము, స్త్రీపురుష భేదము లేక లింగధారణకు అందరు నర్హులని చాటిరి. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఐదు సూతకములు లింగధారికి లేవని మన ఆచారము. గురువు దీక్షవేళ ననుగ్రహించిన ఇష్టలింగము ప్రాణమున్నంతవరకు అంగమును వీడరాదు. నెలకు మూడు దినములు వీడవచ్చునను మాట అందులో నెక్కడ నున్నది? లింగము విడువని దేహమును మనమేల వెలివేయవలెను?

"దేహము నశ్వరమని పెద్దలు చెప్పలేదా? పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కన్నప్ప తన కన్నునే పెరికి యీయలేదా?" అని కొందరడుగుదురు. నిజమే. కాని కన్నప్ప తన కన్నును హేయమని పారవేయలేదు. తనకున్న వానిలో మేలైనదని శివున కర్పించెను. పనికిరాని వస్తువును ఎవడును దేవునికి నివేదింపడు. తన దేహమును రోయువాడు దానిని శివున కెట్లర్పింపగలడు? అర్పణమునకు ముందు ఆదరము వలయును. నశ్వరమైనదని దీపపు ప్రమిదను మసిపట్టి విడువము గదా!

కాయకమను మాటలోనే కాయమున్నది. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. వారి భక్తికి చేతులు, భుజములు, వెన్నెముక సాధనములైనవి. ఆ దేహములు అందమైనవా కావా అని మనమెవరమును అడుగము. అట్లే మన దేహమునకును విలువ అద్దము చెప్పునది కాదు, అది చేయు కాయకమును, మోయు లింగమును చెప్పునవి.

అట్లని దేహాభిమానమును పెంచుకొమ్మనుట కాదు. నగలతో, పూతలతో నలుగురి మెప్పునకై దేహము నలంకరించుట దానిని ప్రేమించుట కాదు. సన్నబడవలెనని కడుపు మాడ్చుకొనుటయు అట్టిదే. రెండును పరుల కన్నులకు చేయు ఊడిగములే. దేహమును ఆదరించుట యనగా వేళకు భుజించుట, అలసినప్పుడు విశ్రమించుట, రోగము వచ్చినప్పుడు దాచక వైద్యుని చూచుట. మన ఇండ్లలో తల్లులు అందరికి వడ్డించి, మిగిలినది చల్లారిన పిదప తిందురు. నొప్పిని నెలల తరబడి చెప్పరు. అమ్మలారా! లింగమునకు చూపి స్వీకరించు అన్నము ప్రసాదము. ప్రసాదమును కడపటి మెతుకులకు దిగజార్చుట త్యాగము కాదు. ఇంటివారు ఆ తల్లిని తమతో కూర్చుండబెట్టుకొని భుజించుట కూడ శివాచారమే.

తుదకు ఈ దేహము చాలించినప్పుడును మనవారు దానిని కాల్చరు. కూర్చుండబెట్టి, విభూతి పూసి, అరచేతిలో ఇష్టలింగ ముంచి సమాధి చేయుదురు. ప్రాణము పోయిన దేహమునకే ఇంతటి గౌరవమీయగా, ప్రాణముతో మన నడుమ తిరుగుచున్న దేహమును ఈసడించుట తగునా?

కావున శరణులారా, రేపటి ఉదయము లింగమును చేత నుంచుకొనుటకు ముందు ఒక్క క్షణము మీ అరచేతిని చూడుడు. అందలి గీతలను, మచ్చలను, ముడుతలను చూచి, ఇది నా స్వామికి పీఠమని తలపుడు. పిదప మీ కూతును పిలిచి, ఆమె చేతిని మీ చేతిలోనికి తీసికొని ఆ మాటయే చెప్పుడు. ఏ దినమున నైనను, ఏ స్థితిలో నైనను ఆ పీఠము మైలపడదని చెప్పుడు. ఆ బిడ్డ తల యెత్తి లింగమును పూజించిన నాడు మీ పూజయు సఫలమగును.