గర్భిణి విమాన ప్రయాణం: తవక్కుల్ ఏది? తెగింపు ఏది?

కొవ్వూరు, నిడదవోలు, గోదావరికి అవతలి ఒడ్డున రాజమండ్రి - ఈ ప్రాంతపు ముస్లిం ఇళ్లలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఉమ్రాకు గానీ, కువైట్‌లోనో రియాద్‌లోనో పనిచేస్తున్న భర్త దగ్గరికి గానీ వెళ్లడానికి నెలల ముందే టిక్కెట్లు తీసుకుంటారు. వీసా కూడా వస్తుంది. తీరా ప్రయాణం దగ్గరపడ్డాక కోడలు నెల తప్పిందని తెలుస్తుంది. ఇక ఇంట్లో రెండు మాటలు మొదలవుతాయి. "అల్లాహ్ ఇంటికి వెళ్తున్నాం, ఆయనే కాపాడతాడు, భయపడటం ఈమాన్ బలహీనత" అంటారు ఒకరు. "మూడో నెల దాటకుండా విమానం ఎక్కితే కడుపు నిలవదు, తెలిసి వెళ్తే పాపం" అంటారు మరొకరు. ఇద్దరూ ధర్మం పేరుతోనే మాట్లాడతారు. కడుపుతో ఉన్న ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ అడగరు.

ముందుగా రెండో మాట చూద్దాం. గర్భిణి ప్రయాణం చేయడమే పాపమైతే ఇస్లాం చరిత్రలో కొన్ని పుటలు మనకు అర్థం కావు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి) నెలలు నిండిన స్థితిలో మక్కా నుండి హిజ్రత్ చేశారు. ఖుబాకు చేరాక అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) పుట్టారు. మదీనాలో ముహాజిర్ల ఇంట పుట్టిన మొదటి బిడ్డ ఆయనే. ఆ దారి సుమారు 450 కిలోమీటర్లు. కొవ్వూరు నుండి శంషాబాద్ విమానాశ్రయం అంతకు కొంచెం తక్కువ. ఇక హిజ్రీ 10లో దైవప్రవక్త (స) చివరి హజ్‌కు బయలుదేరినప్పుడు హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఆ కాఫిలాలో ఉన్నారు. ఒకప్పుడు ఓడలో సముద్రం దాటి హబషాకు వలసవెళ్లి వచ్చిన ఇల్లాలు ఆమె. మదీనా పొలిమేరలోని జుల్ హులైఫాకు చేరగానే ఆమెకు కాన్పు అయింది. ఏం చేయాలని కబురు పంపితే, స్నానం చేసి, గుడ్డ గట్టిగా కట్టుకుని ఇహ్రామ్ ధరించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. నెలలు నిండి ఎందుకు బయలుదేరావని మందలించలేదు. వెనక్కి పంపలేదు కూడా.

కాబట్టి గర్భిణికి ప్రయాణం నిషిద్ధం అనే మాటకు ఆధారం లేదు. అయితే ఈ సంఘటనలు చూపించి "ఆ అస్మాలు ఒంటెల మీద వెళ్లారు, నువ్వు మెత్తటి సీట్లో కూర్చోలేవా?" అని కోడలిని దెప్పిపొడిచేవారు ఉన్నారు. ఆ హదీసుల్లో గర్భిణిని ఎవరో బలవంతంగా బయలుదేరదీశారన్న మాట లేదు. పైగా ఆనాడు హిజ్రత్ విధి. మన దగ్గర అత్యధికులు అనుసరించే హనఫీ మస్లక్‌లో ఉమ్రా జీవితంలో ఒకసారి చేయవలసిన సున్నతె ముఅక్కదా. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చేయవచ్చు. భర్తను చూడటానికి వెళ్లే ప్రయాణం సరేసరి.

ఇక్కడ ఒక హదీసును శ్రద్ధగా గమనించాలి. తిర్మిజీ, నసాయీ తదితర గ్రంథాల్లో హజ్రత్ అనస్ బిన్ మాలిక్ కఅబీ (రజి) ఉల్లేఖనం ఉంది (దైవప్రవక్తకు సేవచేసిన అనస్ గారు కాదు, ఈయన వేరు). ప్రయాణికుడికి నమాజులో సగం తగ్గింపు ఇచ్చినట్లు, ప్రయాణికుడికీ గర్భిణికీ పాలిచ్చే తల్లికీ ఉపవాసంలో వెసులుబాటు ఇచ్చినట్లు అందులో ఉంది. బాటసారినీ గర్భిణినీ షరీఅత్ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబెట్టింది. మరి ఒకే మనిషి గర్భిణీ, బాటసారీ అయితే? రమజాన్ ఉపవాసం ఫర్జ్. తనకో బిడ్డకో హాని కలుగుతుందనే భయం ఉంటే ఆ ఫర్జ్‌నే తర్వాతి రోజులకు వాయిదా వేసుకోమని అనుమతి ఉంది. అలాంటప్పుడు వాయిదాకు వీలున్న ఉమ్రాను వాయిదా వేస్తే ఈమాన్ బలహీనమైందని ఎలా అంటాం?

హజ్ ఫర్జ్ అయిన స్త్రీ విషయంలో కూడా ఖుర్ఆన్ పెట్టిన షరతు స్తోమత. స్తోమత అంటే డబ్బు మాత్రమే కాదు, దేహం కూడా అని ఫుఖహా రాశారు. స్తోమత కలిగిన వెంటనే చేయాలని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ), ఆలస్యానికి అవకాశం ఉందని ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయం. కానీ వెంటనే చేయాలన్నవారు కూడా నిజమైన ఉజ్ర్ ఉన్నవారిని పాపి అనరు.

ఇక తవక్కుల్ సంగతి. ఒంటెను కట్టేసి మరీ అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ మన పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం ఈ సందర్భంలో హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణం మరింత దగ్గరగా అనిపిస్తుంది. ఆయన సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందున్న ప్రాంతంలో ప్లేగు ఉందని తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, తర్వాత ఖురైష్ పెద్దలను విడివిడిగా పిలిచి సంప్రదించారు. చివరకు వెనక్కి తిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అభ్యంతరం చెప్పినప్పుడు, తాము పోతున్నది కూడా అల్లాహ్ విధి వైపుకేనని ఉమర్ (రజి) అర్థమయ్యేలా చెప్పారు. ఆ తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న చోటికి వెళ్లవద్దన్న ప్రవక్త మాట వినిపించారు. సగం దారిలో రద్దయిన ప్రయాణం అది. రద్దు చేసిన వ్యక్తి ఈమాన్‌ను ఎవరు శంకిస్తారు? వెళ్లడం ఎలా తఖ్దీరో, టిక్కెట్టు వదులుకుని ఇంట్లో ఉండిపోవడం కూడా అలాగే తఖ్దీరు.

అయితే హజ్రత్ ఉమర్ (రజి) వదంతి విని వెనుదిరగలేదు. తెలిసినవారిని అడిగి, విచారించి తిరిగారు. మనం కూడా భయపడాల్సిన దానికే భయపడాలి.

విమానం గాలిలో ఉన్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్లు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లికి, గర్భస్థ శిశువుకు దీనివల్ల ఇబ్బంది ఉండదని వైద్యులు చెబుతారు. విమానం ఎక్కితే గర్భం జారిపోతుందనే మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. నిర్ధారణ అయిన గర్భాల్లో నూటికి 10 నుండి 20 వరకు నిలవవు. వాటిలో ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే పోతాయి. దాదాపు సగం సందర్భాల్లో కారణం పిండం ఏర్పడినప్పుడే క్రోమోజోముల్లో వచ్చిన లోపం. ఆ తల్లి ఇంట్లో కూర్చున్నా అది ఆగేది కాదు.

నిజమైన జాగ్రత్త వేరే చోట అవసరం. పిండం గర్భసంచిలో కాక నాళంలో నాటుకుంటే అది ఎప్పుడైనా పగిలి లోపల రక్తస్రావం కావచ్చు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అది. భూమి మీద ఆసుపత్రి అరగంట దూరంలో ఉంటుంది, సముద్రం మీద ఎగురుతున్న విమానంలో ఉండదు. అందుకే ఆరు, ఎనిమిది వారాల మధ్య స్కానింగ్ చేయించి, గర్భం సంచిలోనే ఉందని తెలుసుకోకుండా దూరప్రయాణం కట్టడం తెగింపే అవుతుంది. కడుపులో ఒకవైపు నొప్పి, రక్తం కనబడటం, భుజం నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం - వీటిలో ఏది ఉన్నా టిక్కెట్టు మాట తర్వాత, ఆసుపత్రి మాట ముందు.

రెండోది కాళ్లలో రక్తం గడ్డకట్టడం. గర్భంతోనే ఈ ప్రమాదం పెరుగుతుంది, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే మరింత పెరుగుతుంది. హైదరాబాద్ నుండి జిద్దాకు సుమారు ఆరు గంటలు. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికైతే మధ్యలో విమానం మారడంతో కలిపి 20 గంటలు దాటుతుంది. పైగా మనవాళ్లు లెక్కలో వేయని ప్రయాణం ఒకటుంది. కొవ్వూరు నుండి రాత్రంతా కారులోనో రైల్లోనో కూర్చుని శంషాబాద్ చేరి, అక్కడ మూడు నాలుగు గంటలు వేచి ఉన్నాకే కదా విమానం! వేవిళ్లతో ఏదీ ఇమడని మనిషి, మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా మానేస్తుంది. అది మరీ ప్రమాదం. నీళ్లు తాగాలి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, నడవా పక్క సీటు అడిగి తీసుకోవాలి, బెల్టు పొట్ట కిందుగా కట్టుకోవాలి, డాక్టరు చెబితే బిగుతు మేజోళ్లు వేసుకోవాలి. ఒకరోజు ముందే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో విశ్రాంతి తీసుకుంటే సగం బాధ తగ్గుతుంది. రక్తం బాగా తక్కువగా ఉన్నవారు, ఇంతకుముందు గర్భం పోయినవారు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు డాక్టరు స్పష్టంగా సరే అంటేనే కదలాలి.

చాలా విమాన సంస్థలు 28 వారాల తర్వాత డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి, 36 వారాలు దాటితే ఎక్కించుకోవు. మొదటి నెలల్లో ఏమీ అడగవు కాబట్టి ఏ భయమూ లేదని కొందరు అనుకుంటారు. విమానంలో కాన్పు రాకూడదన్నది ఆ సంస్థల జాగ్రత్త. మీ కోడలి ఆరోగ్యం వారి లెక్కలో లేదు.

హానికి భయపడటానికి ఫిఖహ్ గ్రంథాలు రెండు ఆధారాలు చెప్పాయి: స్వీయ అనుభవం, లేదా నమ్మకస్థుడు, నిపుణుడు అయిన ముస్లిం వైద్యుని మాట. మన ఊళ్లల్లో కాన్పుల డాక్టరమ్మ ఎక్కువగా ముస్లిమేతరురాలే. ఆమె నిపుణురాలై, నిజాయితీ కలది అయితే ఆమె మాట మీద ఆధారపడవచ్చని నేటి ఉలమాలలో చాలామంది అంటారు. ఇరుగుపొరుగు పెద్దమ్మల అనుభవం మాత్రం ఈ రెండింటిలో దేని కిందికీ రాదు!

డాక్టరు మాట నిలవాలంటే నిజం చెప్పాలి. మూడో నెల వచ్చేదాకా దిష్టి తగులుతుందని కడుపు సంగతి దాచే అలవాటు మన ఇళ్లలో ఉంది. వీధిలో వారికి చెప్పకపోవడంలో తప్పు లేదు. కానీ ఉమ్రాకు టీకా వేసేవారికి, గల్ఫ్ వైద్యపరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తీసేవారికి, కాఫిలా నడిపే ముఅల్లింకు దాచితే కడుపులోని అమానతుకు ద్రోహం జరగవచ్చు. ఆ పిండానికి షరీఅత్ ఇచ్చిన విలువ చూడండి: పుట్టని బిడ్డ కోసం వారసత్వంలో వాటా ఆపి ఉంచుతారు. శిక్ష పడవలసిన గామిదియా స్త్రీని సైతం బిడ్డను కని, పాలు మాన్పించేదాకా ప్రవక్త (స) తిప్పి పంపించారు.

మరి నిర్ణయం ఎవరిది? బిడ్డకు పాలు మాన్పించడానికే తల్లిదండ్రులిద్దరి అంగీకారం, పరస్పర సంప్రదింపు ఉండాలని సూరా బఖరా (233) చెబుతోంది. బిడ్డ ఒళ్లో ఉన్నప్పుడే ఇంత పట్టింపు ఉంటే, తల్లి రక్తమాంసాలతో పెరుగుతున్నప్పుడు ఆమె మాట లేకుండా తీర్మానించడం ఎలా సబబు? టిక్కెట్టు డబ్బు తిరిగి రాదన్నది నిజమైన నష్టమే. కువైట్‌లో చెమటోడ్చిన డబ్బు అది, తేలిగ్గా తీసుకోమని నేను అనను. కానీ ఆ లెక్క ఆమె "నా వల్ల కాదు" అన్న తర్వాత ఆమె ముందు పెట్టకూడదు. అలాగే డాక్టరు సరేనని, ఆమె మనసు పడితే, "మూడో నెల నిండలేదు" అని అడ్డుపడే హక్కు కూడా ఎవరికీ లేదు.

వెళ్లినవారు అక్కడ దేహాన్ని సాధించాలని చూడవద్దు. సఫా మర్వాల మధ్య సయీ ఒక్కటే మూడు కిలోమీటర్లు దాటుతుంది. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అస్వస్థతగా ఉన్నప్పుడు జనం వెనుక నుండి వాహనం మీదే తవాఫ్ చేయమని ప్రవక్త (స) అనుమతించారు. నేడు చక్రాల కుర్చీలు దొరుకుతాయి. ఉజ్ర్ ఉన్న గర్భిణి వాటిలో కూర్చుంటే ఉమ్రాలో ఏ లోపమూ రాదు.

దారిలోనో, మక్కాలోనో రక్తం కనబడితే ఏం చేయాలో స్త్రీలు సిగ్గుపడి అడగరు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. హనఫీ మస్లక్ ప్రకారం గర్భిణికి కనబడే రక్తం హైజ్ కాదు, ఇస్తిహాజా. నమాజు మానకూడదు, వుజూ చేసుకుని చదవాలి, తవాఫ్ కూడా చెల్లుతుంది. కానీ ముందు చేయాల్సింది ఆసుపత్రికి వెళ్లడం; సౌదీలో రెడ్ క్రెసెంట్ అంబులెన్స్ నంబరు 997. ఒకవేళ గర్భం పోతే, పిండంలో చెయ్యి, వేలు, గోరు వంటి ఏదైనా అవయవం రూపుకట్టి ఉంటే ఆ రక్తం నిఫాస్; నమాజు, తవాఫ్ ఆగిపోతాయి. ఏ అవయవమూ ఏర్పడకపోతే నిఫాస్ కాదు. ఆ రక్తం మూడు రోజులు సాగి, అంతకుముందు 15 రోజుల శుద్ధి ఉంటే హైజ్, లేకపోతే ఇస్తిహాజా. ఇహ్రామ్‌లో ఉండగా ఇలా జరిగితే ఇహ్రామ్ విప్పేసి ఇంటికి రాకూడదు, వెంటనే ఆలిమ్‌ను సంప్రదించాలి.

అలా గర్భం పోయి తిరిగివచ్చిన స్త్రీతో "విమానం ఎక్కావు కాబట్టే" అనేవారికి ఒక సంగతి. దైవప్రవక్త (స) పెద్ద కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) మక్కా నుండి మదీనాకు బయలుదేరినప్పుడు హబ్బార్ అనే వ్యక్తి ఆమెను బెదరగొట్టాడనీ, ఆమె ఒంటె మీది నుండి పడి గర్భం పోయిందనీ సీరత్ గ్రంథాల్లో ఉంది. దైవప్రవక్త (స) హబ్బార్‌ను దోషిగా పట్టారు; తర్వాత అతను ఇస్లాం స్వీకరిస్తే క్షమించారు. ఎందుకు బయలుదేరావని కూతుర్ని మాత్రం అడగలేదు.